బెల్లంపల్లికి పట్వారీ ప్రయాణం

బెల్లంపల్లి,
18 జూన్ 1979

శకుంతలకు,

మీ వదిన చిలుకమ్మ రాయునది. మేము బాగానే ఉన్నాము. నువ్వు బాగున్నావని మీ అన్న చెప్పాడు కనుక అడగడం లేదు.

ఏప్రిల్‌లో మీ బాపును ఇక్కడికి తీసుకొచ్చేటప్పుడు హసన్‌పర్తి ఇంటి ముందు నువ్వన్న మాట నేనింకా మరిచిపోలేదు. 'విరిగిన కాలుతో ఉన్న మనిషిని తీసుకుపోయి బొగ్గు దుమ్ములో ఎండబెడతారా' అన్నావు. దానికి నేనన్నది నువ్వూ మరిచిపోయి ఉండవు. ఆ సంగతి పక్కన పెట్టి పనిలోకి వస్తాను.

మామ కాలికి పిండికట్టు విప్పారు. డాక్టరు రోజూ గోడ పట్టుకొని నడవమన్నాడు. ఈయన నడవడం లేదు. పైగా నాలుగు రోజుల నుంచి తిండి మానేశాడు. కారణం ఏమిటంటే, హసన్‌పర్తి ఇంట్లో నీళ్ల గోలెంలో ఆయన పెంచుకున్న కప్ప కావాలట. దానికి పట్వారీ అని పేరున్న సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. పొద్దంతా పొట్ట ఉబ్బించుకొని కూర్చుంటుందనీ, ఎవరైనా ఏదైనా తెచ్చి ముందు పెడితే తప్ప కదలదనీ ఆ పేరు పెట్టాడట.

"నా పట్వారి వచ్చేదాంక నేను ముద్ద ముట్ట. లేకుంటే నన్నే హసన్‌పర్తి రైలెక్కియ్యిండ్రి" అంటున్నాడు. మీ అన్న గని నుంచి వచ్చి బతిమాలితే గోడవైపు తిరిగి పడుకుంటాడు. చాయ మాత్రం తాగుతున్నాడు, అదీ నేను చూడనప్పుడు.

కాలేజీ ల్యాబులో పొద్దున లేస్తే నీకు కప్పలతోనే కదా పని. ఆ కప్పను ప్రాణంతో ఇక్కడికి చేర్చే ఉపాయం చూడు. చచ్చిన కప్ప వస్తే ఈ ఇంట్లో ఏమవుతుందో నేను చెప్పలేను.

చిలుకమ్మ


సుబేదారి, హనుమకొండ,
25 జూన్ 1979

వదినకు,

నీ ఉత్తరం అందిన రోజే సెలవు పెట్టి హసన్‌పర్తి వెళ్లాను. పట్వారీ క్షేమం. ఈ ఉత్తరమూ ఆయనా ఒకే బండిలో వస్తున్నారు.

కప్పను నీళ్లలో పంపాలని అందరూ అనుకుంటారు. మూత పెట్టిన నీళ్ల డబ్బాలో కప్ప ఊపిరాడక చస్తుంది, అది చేప కాదు. మా ల్యాబుకు వచ్చే కప్పలను గోనెసంచుల్లో ఒకదానిమీద ఒకటి కుక్కి పంపుతారు, సగం దారిలోనే పోతాయి. పదకొండేళ్లుగా ఆ సంచులు విప్పేది నేనే. ఎట్లా చస్తాయో చూసి చూసి, ఎట్లా బతుకుతాయో నేర్చుకున్నాను. మా కాలేజీ మేడం ఒకామె బదిలీ మీద నల్లగొండ పోతే, పెంచుకోవడానికని ఆమెకు రెండు పంపాను. అవి ఇప్పటికీ ఉన్నాయి. నా చేతి ప్యాకింగులో ఇంతవరకూ ఒక్క కప్ప చావలేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు. గొప్పకే చెబుతున్నాను అనుకున్నా ఫరవాలేదు.

వెదురు బుట్ట తీసుకొని లోపలంతా మెత్తటి గుడ్డ కుట్టాను. లేకపోతే గాబరాలో ఎగిరెగిరి ముక్కు చీరుకుంటుంది. కింద పాత చీర ముక్కలు తడిపి, బాగా పిండి పరిచాను. సబ్బు తగలని గుడ్డ, ఉత్త బావినీళ్లతో ఉతికింది. రెండు రోజుల నుంచి తిండి పెట్టలేదు. నిండు కడుపుతో ఉన్న కప్ప రైలు కుదుపులకు కక్కుతుంది, ఆ మురికి మళ్లీ దాని ఒంటికే విషం. ఎండెక్కకముందే చేరాలని మొదటి ప్యాసింజరు చూశాను.

ముందు కాజీపేట పార్శిల్ ఆఫీసుకు పోయాను. అక్కడి గుమాస్తా చాలా మర్యాదస్తుడు. ఆయన పుస్తకంలో కోళ్లకు, మేకలకు, కుక్కలకు, చివరికి తేనెటీగలకు కూడా నిబంధన ఉంది, కప్పకు లేదు. పాపం అరగంట వెతికి, "చేప అని రాయనా అమ్మా?" అన్నాడు. చేప అని రాస్తే మంచుగడ్డల్లో పెడతారు. పిట్ట అని రాస్తానన్నాడు. పిట్ట ఎక్కడుందని దారిలో ఎవరైనా మూత తీస్తే? బుట్ట తీసుకొని వచ్చేశాను. మన పక్కింటి కట్టయ్య బెల్లంపల్లిలో చుట్టాలింటికి వస్తున్నాడు, అతని చేతికిచ్చాను. ఒళ్లో పెట్టుకొనే కూర్చుంటానని ఒట్టు వేశాడు. ఎందుకో బుట్ట అందుకున్నప్పటి నుంచి నవ్వుతూనే ఉన్నాడు.

ఇక నువ్వు చేయవలసింది. బుట్టను ముందు నీడలో గంటసేపు ఉంచు. చేతులకు ఉప్పు, కారం లేకుండా కడుక్కో. గది తలుపులు, కిటికీలు మూసిన తరువాతనే మూత తియ్యి. పట్టుకునేటప్పుడు వెనుక కాళ్లు రెండూ కలిపి, నడుం దగ్గర పట్టు.

ఒక మాట. కొత్త చోటు కనుక కొన్నాళ్లు అరవకపోవచ్చు. ఎన్నాళ్లని చెప్పలేను. బెంగ పడవద్దని బాపుకు చెప్పు.

ఎట్లా చేరిందో వెంటనే రాయి.

శకుంతల


బెల్లంపల్లి,
1 జూలై 1979

శకుంతలకు,

పట్వారీ గారు వేంచేశారు. ప్రాణంతో, దిట్టంగా.

మామ మంచం పక్కన సిమెంటు గోలెం పెట్టి, కప్పను అందులో వదిలి, "ఇగో మామ, నీ పట్వారి" అన్నాను. ఆయన చాలాసేపు వంగి చూశాడు. నా ముఖం చూశాడు. మళ్లీ కప్పను చూశాడు. "ఊఁ" అన్నాడు. తరువాత జొన్నరొట్టె, చింతచిగురు పప్పు పెడితే మూడుసార్లు వేయించుకొని తిన్నాడు. మీ అన్నకు కళ్లనీళ్లు తిరిగాయి.

కొన్నాళ్లు అరవదన్నావు. నీ చదువు లెక్క తప్పింది. వచ్చిన సాయంత్రమే వాన పడితే గోలెం పగిలేట్టు అందుకున్నాడు. పక్కింటి బక్కమ్మ కిటికీ మూసుకుంది. మీ అన్న షిఫ్టు దిగి వచ్చి, ఎవరింట్లో పిండి గిర్నీ పెట్టారని అడిగాడు.

నీ బుట్ట బాగుంది. మూత కాస్త గట్టిగా ఉంది, అంతే.

చిలుకమ్మ


సుబేదారి,
8 జూలై 1979

ప్రియమైన వదినకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. వచ్చిన రోజే పాడిందా? ఎంత సంతోషమయిందో రాయలేను. ఆశ్చర్యం ఎంతయిందో అసలే రాయలేను.

ల్యాబులో రాసి పెట్టుకోవడానికి కొన్ని సంగతులు కావాలి. పాడేటప్పుడు గొంతు ఒకవైపు ఉబ్బుతుందా, రెండువైపులా? ఏ రంగు? ఒంటి రంగు మారిందా? నేను పంపినప్పుడు నా రెండు అరచేతుల నిండా ఉండేది. ఇప్పుడూ అంతే ఉందా? దిగినప్పుడు మూత తీసింది గదిలోనే కదా?

దారిలో ఏదైనా జరిగి ఉంటే దాచవద్దు. నేనేమీ అనుకోను. నా ప్యాకింగులో లోపముంటే నాకు తెలియాలి.

బాపును అడిగానని చెప్పు. నిన్ను కూడా.

శకుంతల


బెల్లంపల్లి,
17 జూలై 1979

శకుంతలా,

నీ ప్రశ్నలు చదువుతుంటే ఠాణాలో నిలబడ్డట్టుంది. అయినా జవాబులు రాస్తున్నాను. గొంతు రెండువైపులా ఉబ్బుతుంది, రెండు నీలిమందు మూటలు కట్టుకున్నట్టు. ఇందులో అబద్ధమేమీ లేదు, కావాలంటే బక్కమ్మ సాక్ష్యం. ఒళ్లు వానకు పసుపు తిరిగింది. బొగ్గు ఊరి నీళ్లకు అట్లా అవుతుందేమో. సైజు కాస్త తగ్గింది. రైలు ప్రయాణం కదా, చిక్కాడు. మీ అన్న వరంగల్ పోయి వస్తేనే చిక్కుతాడు. చివరి ప్రశ్న నాకు సరిగా అర్థం కాలేదు.

ఇప్పుడు నేనొకటి చెబుతాను, నవ్వకుండా చదువు.

మామ తింటున్నాడు. గోడ పట్టుకొని నడుస్తున్నాడు కూడా. కానీ పట్వారీతో మాట్లాడడం లేదు. హసన్‌పర్తిలో దానితో రోజూ తగువులాడేవాడనీ, ఊరి సంగతులన్నీ చెప్పేవాడనీ మీ అన్న అంటాడు. ఇక్కడ ఆయన దాన్ని చూస్తాడు, అది ఈయనను చూస్తుంది. మాటలు కలవని వియ్యంకులు ఒకే బల్లమీద కూర్చున్నట్టుంటారు. నిన్న "ఏం మామ, నీ పట్వారితోని మాట్లాడవేంది?" అని అడిగాను. "ఏం మాట్లాడాలె బిడ్డా" అని తల దించుకున్నాడు. ఆ ముఖం చూస్తే నాకు భయమేసింది. లోపల ఏదో పెట్టుకొని కుమిలిపోతున్నాడు.

మీ అన్నకు చెబితే కంగారు పడతాడు. ఎవరికి చెప్పాలో తెలియక నీకు రాస్తున్నాను.

మీ వదిన


సుబేదారి,
23 జూలై 1979

వదినా,

ఇక దాచలేను. నేను పంపింది పట్వారీని కాదు.

మీరు బాపును తీసుకుపోయిన మూడో రోజు నేను ఇంటికి పోయేసరికి గోలెం ఖాళీ. మూత పక్కకు జరిగి ఉంది. ముందు రోజు చీకటి పడ్డాక, లోపలికి తొంగి చూడకుండా నీళ్లు పోసింది నేనే, మూత సరిగా పెట్టనిది నేనే. వాకిలి, పెరడు, పక్కవాళ్ల దొడ్డి అన్నీ వెతికాను. బాపు నామీద వదిలిపోయిన ప్రాణి అదొక్కటే. దాన్ని కూడా కాపాడలేకపోయానని రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. నీకైతే అసలే చెప్పలేను. బాపును నేను చూసుకుంటానని వాకిట్లో నిలబడి నీతో పోట్లాడిన దాన్ని కదా.

నువ్వు కప్పను పంపమని రాస్తే ల్యాబు తొట్టిలోంచి అన్నిటికంటే పెద్దదాన్ని తీశాను. మరునాటి ప్రాక్టికల్స్‌కు బల్ల మీదికి పోవలసింది. దానికీ ఒక బతుకు దొరుకుతుందనుకున్నాను. కానీ వదినా, అది ఆడది. నేను చేత్తో పట్టి చూసి మరీ బుట్టలో పెట్టాను. ఆడ కప్పకు గొంతుసంచులుండవు, పట్వారీలాగా గిర్నీ పెట్టడం దానివల్ల కాదు. అందుకే కొన్నాళ్లు అరవదని ముందే రాసి పెట్టాను. నీ ఇంట్లో మొదటి సాయంత్రమే నీలి మూటలు కట్టుకొని పాడిందంటే, పాడింది నా కప్ప కాదు.

నా కప్ప చచ్చిపోయిందా? ముందు అది చెప్పు. మిగతాది తరువాత.

బాపు దాన్ని గుర్తు పట్టి ఉంటాడు. తన పట్వారీ పోయాడని తెలిసి, అడగలేక కుమిలిపోతున్నాడు. నువ్వెట్లా చెబితే బాగుంటుందో అట్లా నిజం చెప్పు. నామీదనే వెయ్యి.

శకుంతల


బెల్లంపల్లి,
30 జూలై 1979

నా శకుంతలకు,

నీ ఉత్తరం వాకిట్లో నిలబడి చదివాను. చదవడం అయ్యాక అక్కడే గడప మీద కూలబడి నవ్వాను. బక్కమ్మ నాకు ఒంట్లో బాగాలేదేమోనని నీళ్లు తెచ్చింది.

నీ కప్ప చావలేదు. ముక్కు మీద గీత కూడా లేదు. నీ ప్యాకింగులో ఏ లోపమూ లేదు, లోపమంతా నా చదువులో. నువ్వు రాసినవన్నీ చదివాను గానీ, తలుపులు మూసి మూత తియ్యమన్నది రెండో పేజీలో ఉంది. నేను మొదటి పేజీ చదివి మూత తీశాను, అదీ వరండాలో. మామ లోపల నిద్రపోతున్నాడు. బక్కమ్మ చూద్దామని వంగింది. నీ ఆడ పట్వారీ ఒక దూకు దూకి బక్కమ్మ భుజం మీద కూర్చుంది, రెండో దూకుకు గోడ దాటింది. అవతల కాలువ, కాలువ చివర పంపుహౌసు మడుగు. ఇప్పుడు మహారాణిలా అక్కడే ఉండి ఉంటుంది.

మామ లేస్తే ఏం చెప్పాలి? నేను, కట్టయ్య, తిట్టుకుంటూనే బక్కమ్మ, ముగ్గురం మడుగుకు పోయాము. కట్టయ్య తువ్వాలు వేసి ఒక లావుదాన్ని పట్టాడు. వాడు ఎంత నవ్వాడంటే నీళ్లలో పడ్డాడు. ఎందుకంత నవ్వుతున్నాడో నాకప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమయింది, నీకూ అర్థమవుతుంది.

నిన్న మామ దగ్గర కూర్చొని అంతా చెప్పేశాను, నీది, నాది. ఆయన లేచి గోడకు ఆనుకొని కూర్చున్నాడు. తరువాత కాయితం తెమ్మన్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టే కింద రాస్తున్నాను, ఒక్క ముక్క మార్చలేదు.

"బిడ్డా శకుంతలా, గోలెం మూత నువ్వు తీసినవని ఏడ్వకు. నేనే ఈడికొచ్చే ముందటి దినం పట్వారిని కట్టయ్యతోని చెరువుల ఇడిపిచ్చిన. నువ్వు సుబేదారిల ఉంటవు, నౌకరీ చేస్కుంటవు, రోజొచ్చి దానికి పురుగులు ఏడ పెడ్తవని. నీకు చెప్తే మనసు కష్టం చేస్కుంటవని చెప్పలే.

"ఈడ వీళ్లు నన్ను మంచిగనే చూస్తాండ్రు. మీ వదినను ఒక్క మాట అనేటట్టు లేదు. కని నాకు ఇల్లు యాదికొస్తాంది. పోత అంటే మీ అన్న పోనియ్యడు. అందుకని లేని కప్పను అడిగిన. వీళ్లు తేలేరు, తేలేక నన్నే పంపుతరు అనుకున్న. నాలుగు దినాలు నిజంగ కడుపు మాడ్చుకున్న. అటెనుక బక్కమ్మ కిటికిల నుంచి అటుకులు ఇచ్చేది, అది మీ వదినకు ఎరుక లేదు.

"ఒక దినం నిద్ర లేచేసరికి మీ వదిన, ఇగో మామ నీ పట్వారి అన్నది. చూస్తే వాడెవడో. ఏమనాలె? కాదంటే, మరి నీ పట్వారి ఏడున్నడో చెప్పు అంటరు. ఔనంటే బువ్వ తినాలె. తిన్న. అప్పటిసంది ఆ కప్ప మొఖం చూస్తే నాకు సిగ్గయితాంది. దానికి నేనెవరో తెల్వదు, నాకు అదెవరో తెల్వదు. ఇగ ఏం మాట్లాడుతం."

ఇంతే చెప్పాడు. ఆ అటుకుల సంగతి నేను రాస్తూ ఉండగా తెలిసింది. బక్కమ్మను ఇంకా ఏమీ అనలేదు.

మీ అన్నకు చెప్పాలా వద్దా? అందరం కలిసి ఆయన ఒక్కడినే మోసం చేసినట్టయింది.

చిలుకమ్మ


సుబేదారి,
5 ఆగస్టు 1979

ప్రియమైన వదినకు,

ఇది బాపుకు చదివి వినిపించు.

బాపూ, రెండు నెలలు నేను తినే ముద్ద గొంతు దిగలేదు. నువ్వు మాత్రం కట్టయ్యను, బక్కమ్మను చేతిలో పెట్టుకొని రాజ్యం చేశావు. సరే, నీ మీద కోపం ఇంటికి వచ్చాక చూపిస్తాను. నేను సుబేదారి గది ఖాళీ చేస్తున్నాను. హసన్‌పర్తి నుంచి కాలేజీకి బస్సులో పోతాను. నువ్వు గోడ వదిలి, కర్ర పట్టుకొని, వాకిలి చివరిదాకా పోయి తిరిగి రావాలి. ఆ రోజు వదిన నాకు రాస్తుంది. మరునాడే వచ్చి తీసుకుపోతాను. వదినకు నువ్వు ఇంకేమీ అబద్ధం చెప్పవద్దు, ఆమెకు ఇప్పటికే చాలా అయ్యాయి.

ఇక్కడి నుంచి నీకొక్కదానికే, వదినా. ఏప్రిల్‌లో నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. బురదలోకి దిగి ఆయన కోసం కప్పను పట్టిన మనిషివి నువ్వు. నేను పట్టిందైతే తొట్టిలోంచి.

అన్నకు నువ్వే చెప్పు. అన్నం తిన్న తరువాత చెప్పు.

శకుంతల


బెల్లంపల్లి,
28 ఆగస్టు 1979

శకుంతలకు,

మీరిద్దరూ క్షేమంగా చేరారని కార్డు వచ్చింది. మామ రైలు దిగి, రిక్షా వద్దని స్టేషను బయటిదాకా కర్రతో నడిచాడని రాశావు. మీ అన్న ఆ కార్డును జేబులో పెట్టుకొని గనికి పోయాడు.

నువ్వు రాకముందే ఆయనకు అంతా చెప్పాను. వినేటప్పుడు కోపంగానే విన్నాడు. అటుకుల దగ్గరికి వచ్చేసరికి మొహం పక్కకు తిప్పుకున్నాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. తరువాత, "బాపు పోత అని నన్ను సీదాగ అడిగితే అయిపోవు గద" అన్నాడు. అడిగాడు, నువ్వే వినలేదు అన్నాను. మరునాడే తండ్రికి కొత్త కర్ర కొనుక్కొచ్చాడు.

నువ్వు వచ్చిన రోజు కప్పను కూడా తీసుకుపోదామని బుట్ట తెచ్చావు, గుడ్డ తడిపి సిద్ధం చేశావు. గోలెం ఖాళీగా ఉంటే ఎటో పోయిందన్నాడు మామ. నువ్వు నమ్మావో లేదో గానీ నేను పక్కనే ఉండి నోరు మూసుకున్నాను. ఇప్పుడు చెబుతాను.

ముందు రోజు మధ్యాహ్నం ఆయన నన్ను పిలిచి, కప్పను గంపలో పెట్టి ఇమ్మన్నాడు. తానే చంకన పెట్టుకొని, కర్ర పట్టుకొని, పంపుహౌసుదాకా నడిచాడు. మూడుచోట్ల కూర్చున్నాడు. గంప నాకు ఇవ్వమంటే ఇవ్వలేదు. మడుగు ఒడ్డున వంగి కప్పను చేతిలోకి తీసుకొని, మొదటిసారి దానితో మాట్లాడాడు. "నీకూ నాకూ ఏం దుష్మనీ లేదు. నీ ఊరు ఇదే, నేను నిన్ను తోల్కపోను. నేను పడ్డ తిప్పలు నీకెందుకు?" అన్నాడు. వదిలేశాక అది పోకుండా అక్కడే గడ్డిలో కూర్చుంది. "పో, ఇంటికి పో" అని కర్రతో నీళ్లు కదిపాడు. అప్పుడు పోయింది. నీతో చెబితే నువ్వు తెచ్చిన బుట్ట చూసి చిన్నబోతావని ఆ అబద్ధం చెప్పాడు. వద్దన్నా ఆ అలవాటు పోయేట్టు లేదు.

మీరు పోయిన తరువాత ఇల్లు బోసిగా ఉంది. పొద్దున చాయ రెండు గ్లాసులు ఎక్కువ పెడుతున్నాను. వరండాలోకి తెచ్చిన గోలెం ఎత్తి పెరట్లో పెట్టమని మీ అన్న రెండుసార్లు అన్నాడు. పెడతానంటూనే రోజూ నీళ్లు మారుస్తున్నాను. ఎందుకంటే ఏం చెప్పను?

నిన్న బక్కమ్మ వచ్చి, నేను నీళ్లు మారుస్తుంటే చూసి వెళ్లిపోయింది. కప్ప భుజం మీద కూర్చున్న నాటి నుంచి కప్ప అన్న మాట వింటేనే చీర దులుపుకునే మనిషి ఆమె.

ఇవాళ పొద్దున తలుపు తీసి చూస్తే గోలెంలో ఒక కప్ప ఉంది. బొటనవేలంత, గింజలాంటి కళ్లు. వాకిట్లో గోడదాకా తడి అడుగులున్నాయి, అవి మాత్రం కప్పవి కావు. నేను గోడ మీంచి చూస్తే బక్కమ్మ బియ్యం ఏరుతోంది. నన్ను చూసి, ఇంకా వంగి ఏరింది.

ఇంత చిన్నదానికి ఏం పెట్టాలో రాయి, తొందరగా రాయి.

నీ వదిన,
చిలుకమ్మ